కాఫీ తాగని అతిథి

మొన్న మంగళవారం ట్రామ్‌లో ఆఫీసుకు వెళ్తుంటే రిషి నుంచి మెసేజ్ వచ్చింది. రిషి మా టీమ్‌లో కొత్తగా చేరాడు. మాంచెస్టర్‌లోనే పుట్టి పెరిగాడు. ఇంట్లో మాట్లాడే తెలుగు బాగానే అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం ఇంగ్లిషే వస్తుంది. తెలుగు చదవడం అసలు రాదు. మేం పనిచేసే కంపైలర్‌లో తప్పులు పట్టడానికి రాసిన పాత టెస్టులు కొండలా పేరుకుపోయాయి, పనికిరానివి ఏరి పారెయ్యమని అతనికి అప్పగించాం. వాటిలో ఒకదాని ఫొటో తీసి పంపాడు. "ఇది దేనికుందో తెలియడం లేదు, డిలీట్ చేసేయనా? పైన తెలుగులో ఏదో రాసుంది, మా అమ్మను అడగమంటావా?" అని ఇంగ్లిషులో అడిగాడు.

పదకొండు లైన్ల ప్రోగ్రాం. దాని నెత్తిన మూడు ముక్కలు తెలుగులో ఉన్నాయి. "పాప వచ్చింది. కాఫీ తాగదు. దీన్ని తీసేయొద్దు."

పక్కసీటు ఆవిడ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో తెలియదు, దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయింది. ఆ పదకొండు లైన్లూ నేను రాసినవే. పైన ఆ మూడు ముక్కలు ఉన్నాయని మాత్రం ఇన్నేళ్ళుగా నాకు తెలియదు. నేను రాసిందే కదా, మళ్ళీ తెరిచి చూడ్డం ఎందుకని ఎప్పుడూ చూడలేదు. ఆ పాపను నేనే. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు.

ఆ మూడు ముక్కలు రాసినాయన పేరు చెప్పను. గది తలుపు మీద ఆయన పేరున్న పలక మార్చి కాస్త పెద్దది పెడితే, "ఇంత బోర్డు ఎందుకబ్బా, ఇదేమన్నా కటింగ్ షాపా?" అని పీకించిన మనిషి. సొంతూరు మదనపల్లె. కేంబ్రిడ్జ్‌లో ముప్ఫై ఏళ్ళు కంపైలర్ల మీద పరిశోధన చేశారు. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రాంను మెషీన్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే ప్రోగ్రాం. మార్చేటప్పుడు మనం రాసిన దండగ పనులు కూడా సర్ది, వేగంగా నడిచేలా చేస్తుంది. అలా సర్దడంలో మనం చెప్పిన అర్థం చెడిపోకూడదు. చెడిపోదని కాగితం మీద రుజువు చెయ్యడం ఆయన పని. ఆయన దగ్గర పీహెచ్‌డీ చెయ్యడానికి నేను తెనాలి నుంచి వెళ్ళాను.

మొదటి చిక్కు పిలుపుతోనే వచ్చింది. అక్కడ అందరూ అందరినీ పేరు పెట్టి పిలుస్తారు. తండ్రి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నాలిక తిరగలేదు. సార్ అంటే ఆయన ఒప్పుకోరు. "ఈ దేశంలో సార్ అంటే రాణమ్మ కత్తితో భుజం తట్టి బిరుదిచ్చినోళ్ళు పాపా. నన్ను ఎవురూ తట్టలేదు." ఇంట్లోనేమో వాళ్ళావిడ మొదటి రోజే అంకుల్, ఆంటీ అనమని తేల్చేశారు. డిపార్ట్‌మెంట్‌లో అంకుల్ అని అరవలేను కదా. అందుకని ఏమీ పిలవకుండా వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడేదాన్ని, తల ఎత్తేదాకా. ఒక్కోసారి పావుగంట పట్టేది. ఆయన మాత్రం కారిడార్ అంతా వినబడేలా "ఏం పాపా" అనేవారు. నన్ను పాప అనొద్దని ఒకసారి చెప్పాను. "సరే పాపా" అన్నారు.

సైకిల్ మీద వచ్చేవారు. ప్యాంటు చైన్‌లో పడకుండా చీలమండ దగ్గర బిగించే క్లిప్పులు ఉంటాయి చూడండి, దిగాక వాటిని తీసేవారు కాదు. క్లాసులకూ, మీటింగులకూ, ఒకసారి యూనివర్సిటీ పెద్దలతో భోజనానికీ అలాగే వెళ్ళారు, రెండు కాళ్ళ దగ్గరా ప్యాంటు బుడగలా పొంగి ఉండగా. నేనే సిగ్గుపడి గుర్తుచేస్తే ఆశ్చర్యంగా చూశారు. "సాయంత్రం మళ్ళీ పెట్టుకోవాల్సిందే కదా. తీసి పెట్టే పని తప్పింది." మనిషే ఒక కంపైలర్. ఆదివారం ఉదయమే వారానికి సరిపడా పచ్చిమిరపకాయలు తరిగేసి డబ్బాలో పెట్టేవారు. బుధవారానికి అవి వాడిపోయేవి. ఆంటీ తిట్టుకుంటూ మళ్ళీ తరిగేవారు.

ఇంకో అలవాటు, సున్నా. ఎవరు ఏ ప్లాన్ చెప్పినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎవరూ రాకుంటే?" ఒక ఏడాది తెలుగువాళ్ళమంతా చర్చి హాలు అద్దెకు తీసుకుని ఉగాది చెయ్యాలనుకున్నాం. ఎనభైమందికి పులిహోర ఎవరు కలపాలి అని చర్చ జరుగుతోంది. మూలన కూర్చుని వింటున్న ఈయన మెల్లగా, "ఎవరూ రాకుంటే?" అన్నారు. ఆ పనంతా నెత్తినేసుకున్న గుంటూరాయనకు మండింది.

"అదేంటండీ అలా అంటారు? మీరు రారా ఏంటి?"

"నేనొస్తా. నన్ను తీసేసి చెప్పు."

ఆ మాట కేంబ్రిడ్జ్ తెలుగువాళ్ళ నోళ్ళలో చాలా ఏళ్ళు నలిగింది. పిల్లల పుట్టినరోజుకు పిలిచినా "మిమ్మల్ని తీసేసి ఎంతమందండీ?" అని ఆటపట్టించేవారు. ఆయన ఏమీ అనుకునేవారు కాదు. "నవ్వుకోండబ్బా. సున్నాను మర్చిపోయినోడే కొంప ముంచేది."

ప్రోగ్రాంలో తప్పు దొర్లితే కంపైలర్ ఒక సందేశం ఇస్తుంది. ఆ సందేశాల విషయంలో ఆయనకు పెళ్ళి శుభలేఖకు ఉండేంత పట్టింపు. మా గ్రూపులో ఒకతను ఒక సందేశంలో "చట్టవిరుద్ధం" అనే అర్థం వచ్చే మాట వాడాడు. "చట్టవిరుద్ధమా? ఏం నేరం జేసినాడు వాడు? కామా మర్చిపోయినాడు" అని మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి ఆ ఒక్క వాక్యాన్నే దిద్దించారు. నాతో చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "కంపైలర్ పోలీసు కాదు పాపా, పక్కింటి పెద్దమ్మ. తప్పు యాడుందో చూపించి గమ్మున ఉండాల. దిద్దుకునేది వాళ్ళే దిద్దుకోవాల." ఇంతకుమించి, మా డిపార్ట్‌మెంట్ మెషీన్ మీద ఎవరి ప్రోగ్రాం కుప్పకూలినా దాని కాపీతో సహా తనకు మెయిల్ వచ్చేలా ఎప్పుడో ఏర్పాటు చేసుకున్నారు. వాటిని ప్రింటు తీసి, ఎర్ర పెన్సిల్ పట్టుకుని, జనం పేపర్ చదివినట్టు చదివేవారు. ఆ ఏర్పాటు గురించి చేరిన రోజే మాకు చెప్పారు. మర్నాటికే మర్చిపోయాం.

ఇక శనివారాల సంగతి. నా థీసిస్ గురించి మాట్లాడ్డానికి ప్రతి శనివారం పదింటికి వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆంటీ జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్. వారమంతా క్లినిక్‌లో ఇతరుల బీపీ చూసే ఆవిడ, ఇంట్లో ఈయన బీపీ చూసి కాఫీ మానిపించారు. ఒక్క సడలింపు ఇచ్చారు. ఇంటికి అతిథి వస్తే, తోడుగా అర కప్పు. ఆవిడ తాగేది టీ. కాబట్టి ఆ ఇంట్లో ఫిల్టర్ దింపేది అతిథి కోసమే, ఆ అతిథిని నేను.

నాకు కాఫీ పడదు. మా తెనాలిలో ఇంటిల్లిపాదీ టీనే తాగుతాం. మొదటి శనివారం గైడు గారు స్వయంగా ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ దింపి, పాలు పొంగించి, స్టీలు గ్లాసులో నురగతో తెచ్చి చేతికిస్తే వద్దనడానికి నోరు రాలేదు. మొదటి వారం చెప్పని మాట రెండో వారం చెప్పడం మరీ కష్టం. మూడో వారానికి అది అబద్ధమై కూర్చుంటుంది. నా కుర్చీ పక్కన కిటికీలో మనీప్లాంట్ ఉండేది. ఆయన పుస్తకం కోసం లోపలికి వెళ్ళినప్పుడల్లా సగం గ్లాసు దానికి పోసేదాన్ని. "ఈ చెట్టుకు ఏం రోగమో, శనివారం శనివారం బలుస్తాండాది" అనేవారు ఆంటీ. నేను తల వంచుకుని కాగితాలు సర్దుకునేదాన్ని.

ఆయనకు పేరు తెచ్చిన సిద్ధాంతాన్ని కూడా ఆ ఫిల్టర్ పట్టుకునే చెప్పేవారు. కొత్తగా వచ్చిన ప్రతి స్టూడెంటుకూ అదే పాఠం.

"ఇంటికి పదిమంది వచ్చినారనుకో. ఒక్కొక్కరికీ విడివిడిగా డికాక్షన్ దింపుతావా? ముందే ఒకసారి దింపి పెట్టుకుంటావు. ప్రోగ్రాంలోనూ అంతే. తిరిగి తిరిగి జేసే పనిలో మారనిది ఏదన్నా ఉంటే, దాన్ని ముందుకు లాగి ఒక్కసారే చెయ్. ఎవరూ రాకుంటే? డికాక్షన్ దండగ. ఒక్కోసారి దండగతో పోదు, పొయ్యి మీద గిన్నె మాడుతుంది. అందుకని, అతిథి వచ్చినాడా లేదా చూసుకుని లాగు."

ఎంత ముందుకు లాగినా, ఎన్ని సందర్భాల్లో లాగినా, ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే ప్రోగ్రాం అర్థం చెడదని ఆయన యువకుడిగా ఉన్నప్పుడే రుజువు చేశారు. ఆ రుజువును నమ్మి ఎంతోమంది కంపైలర్లు కట్టుకున్నారు. నా థీసిస్‌లో రెండు అధ్యాయాలు దానిమీదే నిలబడ్డాయి.

మూడో ఏడాది నవంబర్, మొదటి సోమవారం. నా అధ్యాయం ఒకటి ఎంతకీ కుదరడం లేదు. మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ ఊరికే అనుకున్నాను, అతిథి వచ్చాడు సరే, వచ్చినవాడు కాఫీ తాగకపోతే? నాకు నేనే ఫక్కున నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆయన రుజువు ఇంటికి ఎవరైనా వచ్చారా అనే చూసింది. వచ్చినవాళ్ళలో కాఫీ తాగేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అని చూడలేదు. ఎవరూ రాకుంటే అని ఊరందరినీ వేధించిన మనిషి, ఆ రెండో సున్నాను వదిలేశారు. పదకొండు లైన్లు రాసి డిపార్ట్‌మెంట్ మెషీన్ మీద నడిపాను. నిక్షేపంగా నడవాల్సిన ప్రోగ్రాం కుప్పకూలింది. మళ్ళీ నడిపాను, మళ్ళీ కూలింది. ఫైలు డిలీట్ చేసి, కోటు వేసుకుని బయటికి నడిచాను.

ఆ నెల చివరి సోమవారం ఆయన రిటైర్మెంట్ సభ. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. సభ పోస్టర్ మీద ఆ సిద్ధాంతం పేరే వేశారు. నేను నోరు విప్పితే ఆయన ముప్ఫై ఏళ్ళ పని మీద మచ్చ పడుతుంది, నా రెండు అధ్యాయాలూ గంగలో కలుస్తాయి, నా వీసాకు మిగిలింది ఎనిమిది నెలలు. విప్పకపోతే ఎవరికీ తెలియదు. ఎక్కడో ఎవరి మెషీనో ఏదో ఒక రోజు ఆగిపోతుంది, అంతే. ఆ అంతే దగ్గరికొచ్చి ప్రతి రాత్రీ లేచి కూర్చునేదాన్ని.

ఆ తర్వాతి మొదటి శనివారం వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. మాట్లాడాల్సినవన్నీ అయ్యాక, ఎన్నడూ లేనిది, "ఇంకేం పాపా, ఏమన్నా చెప్పాల్నా?" అన్నారు. ఏం లేదంకుల్ అన్నాను. రెండో శనివారం కాఫీ ఇచ్చారు. మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి చలి గురించి ఏదో చెప్పాను. చలి గురించి ఆయన కూడా రెండు మాటలు చెప్పారు. మనీప్లాంట్ ఒక్కటే నిండుగా తాగింది.

మూడో శనివారం గ్లాసు చేతిలోకి తీసుకోగానే ఇక నా వల్ల కాలేదు. ఆంటీ సోఫాలో కూర్చుని క్లినిక్ డ్యూటీల రోటా చూసుకుంటున్నారు.

"అంకుల్, నేను కాఫీ తాగను."

"ఈ పొద్దా?"

"ఎప్పుడూ తాగనండి. రెండేళ్ళ పైగా మొక్కకు పోస్తున్నాను." గ్లాసు బల్ల మీద పెట్టి, సంచిలోంచి ఆ పదకొండు లైన్లు మళ్ళీ రాసిన కాగితం తీసి ఆయన ముందుంచాను. "ఇంటికి అతిథి వచ్చింది. కాఫీ తాగేవాళ్ళు ఎవరూ లేరు. మీ రుజువు దీన్ని చూడలేదు అంకుల్. సారీ."

ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆయన ఎర్ర పెన్సిల్ తీసుకుని కాగితం చూశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ముప్ఫై ఏళ్ళ పనిని కూల్చే కాగితాన్ని ఇంత తొందరగా ఎలా అర్థం చేసుకున్నారా అని ఆ ఏడుపులోనూ ఆశ్చర్యపోయాను. కాగితం చివర ఒక టిక్కు పెట్టారు.

"పదకొండు లైన్లేనా?"

"అంతే అంకుల్."

"బలే పొట్టిగా రాసినావే. నాకైతే ఇరవై అయ్యేది." ఇంకాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో దిగులు కనిపించింది. మెల్లగా ఆంటీ వైపు తిరిగారు. "ఏమే, ఈ పాప కాఫీ తాగదంట. మరి నా అర కప్పు?"

ఆంటీ రోటా పక్కన పెట్టి నన్నూ, మొక్కనూ, మొగుణ్ణీ వరసగా చూశారు. "అతిథి వస్తే అని గదా చెప్పింది నేను. వచ్చినోళ్ళు తాగాలని చెప్పలేదే" అన్నారు. లేచి వెళ్ళి నాకు టీ పెట్టుకొచ్చారు.

సభలో ఆయన కోసం ఎవరో పొగడ్తల స్లైడ్లు తయారు చేసి పెట్టారు. ఆయన క్లిప్పులతోనే వేదిక ఎక్కి, వాటిని పక్కన పెట్టి, నా పదకొండు లైన్లు తెర మీద వేసి గంటసేపు వాటి గురించే మాట్లాడారు. తప్పు తనదన్నారు, పట్టింది ఈ అమ్మాయి అన్నారు, ఆ రుజువు నమ్మి కంపైలర్ కట్టినవాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళగానే సరిచూసుకోమన్నారు. తర్వాత ఒకాయన ప్రశ్న అడిగాడు, ఇంకొకాయన పెన్ను తీశాడు, చివరికి టీ విరామం కూడా మర్చిపోయి అందరూ బోర్డు దగ్గర చేరారు. ఆ తప్పును దిద్దడమే నా థీసిస్ అయింది. ఒక ఏడాది ఎక్కువ పట్టింది. గడువు పొడిగించమని ఉత్తరాలన్నీ ఆయనే రాశారు. తర్వాత మాంచెస్టర్‌లో ఉద్యోగం వచ్చింది, ఆ పదకొండు లైన్లను ఆయన టెస్టుగా చేర్చిన ఈ కంపైలర్ మీదే.

పోయిన ఫిబ్రవరిలో ఆంటీ ఫోన్ చేశారు. ఆయన నిద్రలోనే పోయారు. దహనానికి వెళ్ళినప్పుడు ఆంటీ నా చెయ్యి పట్టుకుని, ఏడవకుండా, మామూలు గొంతుతోనే చెప్పారు. "ఆయనకు తొడగమని బట్టలిచ్చేటప్పుడు క్లిప్పులు తీసేసినాను పాపా. మళ్ళీ పెట్టుకునే పని లేదు గదా." ఆ రోజు నేను తట్టుకోలేకపోయింది ఆ ఒక్క మాటనే.

మంగళవారం ఆఫీసుకు ఆలస్యంగా చేరాను. రిషి తన స్క్రీన్ ముందు కూర్చోబెట్టాడు. తెలుగు ముక్కలు చదివి వినిపించాను. "పసిపిల్ల కాఫీ తాగకపోవడం న్యాయమే కదా" అన్నాడు ఇంగ్లిషులో. తర్వాత ఆ ఫైలు చరిత్ర తెరిచాడు. ప్రతి ఫైలుకూ అందులో రెండు తేదీలు ఉంటాయి, మొదట రాసిన తేదీ ఒకటి, అందరికీ పంపిన తేదీ ఒకటి. రెండింటి పక్కనా ఆయన పేరే ఉంది, మధ్యలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

"విచిత్రంగా ఉందే. పంపింది నవంబర్ నెలాఖరులో. రాసిందేమో మొదటి సోమవారం, మధ్యాహ్నం మూడింటికి. మధ్యలో సెలవు పెట్టాడా?"

నేను ఆ తేదీలు రెండుసార్లు చూశాను. ఆ మెషీన్. కూలిన ప్రతి ప్రోగ్రాం కాపీతో వెళ్ళే మెయిల్. నేను కోటు వేసుకుని పారిపోయిన గంటకే ఆయన పేపర్ చదివినట్టు చదివేశారు. ఎర్ర పెన్సిల్‌తో రెండు నిమిషాల్లో తేల్చింది అప్పటికప్పుడు కాదు. అప్పటికి ఆయనకు తెలిసి మూడు వారాలు కావస్తోంది. ఆ మూడు వారాలూ తన సిద్ధాంతం కూలిందని తెలిసి కూడా సైకిల్ మీద వచ్చారు, పోస్టర్ మీద తన పేరు చూసుకున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. పట్టింది నేను, కాబట్టి చెప్పాల్సిందీ నేనే అని ఆగారు. నాకు ముందు కోపమే వచ్చింది. మూడు వారాలు అన్నం సయించలేదు అంకుల్ నాకు, ఒక్క మాట అంటే ఏం పోయింది అని ఆ స్క్రీన్‌ను పట్టుకుని అడగాలనిపించింది. అడిగితే ఏమంటారో కూడా తెలుసు, తప్పు యాడుందో చూపించి గమ్మున ఉండాల అంటారు.

"మరి దీన్ని డిలీట్ చేయనా, ఉంచనా?" అన్నాడు రిషి.

"ఉంచు" అన్నాను.

పాప కాఫీ తాగదని ఆ సోమవారం మూడింటికే రాసి పెట్టుకున్న మనిషి, తర్వాత వచ్చిన మూడు శనివారాలూ నురగ పొంగే గ్లాసు తెచ్చి నా చేతికిచ్చారు. ఎదురుగా కూర్చుని తన అర కప్పు తాగుతూ, మనీప్లాంట్ వైపు చూడకుండా జాగ్రత్తపడుతూ, ఇంకేం పాపా, ఏమన్నా చెప్పాల్నా అని అడిగారు.